పదమూడొచ్చాయి

నీళ్ళత్తకు భర్త మీద ఒకటే ఫిర్యాదు. ఆ మనిషికి ఒక్క చెడ్డ అలవాటూ లేదు. తాగడు, పేకాడడు, వేళ తప్పి ఇంటికి రాడు, అబద్ధమన్నది ఆడడు. పక్కింటావిడ గోడ దగ్గర నిలబడి మొగుడి లీలలు ఏకరువు పెడుతుంటే, తిరిగి చెప్పుకోవడానికి ఈమె దగ్గర చిల్లిగవ్వపాటి కష్టం ఉండదు. ఒక ఆడదాన్ని మాటల్లో ఇంత నిరుపేదను చేసిన మగవాడు మరొకడు ఉండడని ఆమె నమ్మకం. కూర ఎలా ఉందంటే "ఉప్పు రవ్వంత తక్కువ" అంటాడు. చూస్తే సరిగ్గా రవ్వంతే తక్కువ ఉంటుంది. అలాంటివాడితో పోట్లాడేదెలా?

ఆయన ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో. బజారులో కొట్టుకొట్టూ తిరిగి, సరిగ్గా ఉన్న త్రాసులకు ముద్ర కొడతాడు, లేనివాటిని జప్తు చేస్తాడు. అందుకే ఊరు ఆయనకు త్రాసు సారు అని పేరు పెట్టింది. సాయంత్రాలు మిల్లు వెనక మైదానంలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాడు. జీతం లేదు, బత్తెం లేదు. అక్కడా అదే చెయ్యి. ప్లాస్టిక్ రంగు శంకువుల మధ్య దూరం టేపుతో కొలిచి గానీ పిల్లల్ని పరుగు తియ్యనివ్వడు.

నీళ్ళత్త మొదట్లో పిల్లలకు నీళ్ళు మోసుకెళ్ళేది. పేరు అలా వచ్చింది. తరవాత వాళ్ళ రంగు బనియన్లు ఉతకడం, తెగిన గోలు వల కుట్టడం కూడా ఆమె నెత్తిన పడ్డాయి. ఒకరోజు గోలు కాసే గోలీలకు బంతులు విసరడానికి ఎవరూ లేకపోతే, కాలేజీలో త్రోబాల్ ఆడిన చెయ్యి దురదపెట్టి, కొంగు నడుముకు బిగించి తానే విసిరింది. అప్పటినుంచి గోలీలు ఆమె శాఖ. ఎవరూ నియమించలేదు. వంటిల్లు కూడా అంతే కదా, నాలుగురోజులు చేస్తే మనదైపోతుంది.

ఆ శాఖలో ఉన్నది ఇద్దరు. ఒకడు ఆమె కొడుకే, బుడ్డోడు. మంచి పిల్లాడు గానీ, బంతి దగ్గరికొస్తే కళ్ళు మూసుకుంటాడు. రెండోది నిచ్చెన. ఇస్త్రీ బండి అమ్మమ్మ మనవరాలు. తోటి పిల్లలకన్నా తల, మెడ, ఇంకో బెత్తెడు ఎక్కువ. పాదాలు తండ్రి చెప్పులు తొడుక్కున్నట్టుంటాయి. నడిస్తే ఎక్కడ తగిలి పడుతుందోననిపిస్తుంది. గోలులో నిలబెడితే మాత్రం ఆ కాళ్ళూ చేతులూ ఎవరో పిలిచినట్టు సర్దుకుంటాయి. "బంతిని చూడొద్దే, బంతి కాలు వదలకముందే ఆ కాలుని చూడు" అని నీళ్ళత్త ఒక్కసారి చెప్పింది. మర్నాటినుంచి ఆ పిల్ల బంతిని చూడడం మానేసింది. ఎదుటివాడి మడమ ఎటు తిరిగితే అటు ముందే వెళ్ళి కూర్చునేది.

ఆదివారం ఆటల హాస్టలు నుంచి ఒకాయన వస్తున్నాడు. పదమూడు నిండని పిల్లల్ని చూసి, నచ్చినవాళ్ళను తీసుకెళ్ళి చదువూ, తిండీ, ఆటా అన్నీ వాళ్ళే చూసుకుంటారట. నిచ్చెన గురించి ఆ హాస్టలుదాకా మాట వెళ్ళింది. మూడేళ్ళుగా మైదానంలో మన్ను తిన్న పిల్లల్లో, తలుపు తెరుచుకునేలా ఉన్నది ఆ ఒక్కదానికే.

*

బుధవారం నాటి ఆట మందుల షాపాయన జట్టుతో, అదీ పదమూడు నిండని పిల్లలకే. సగం ఆట అయ్యేసరికి వీళ్ళు ఒక గోలు ముందున్నారు. ఆ గోలు ఎవరు కొట్టారో ఎవరికీ గుర్తులేదు. నిచ్చెన ఆపినవే అందరూ చెప్పుకుంటున్నారు. మందుల షాపాయన మైదానం గట్టు మీద అటూ ఇటూ తిరిగి తిరిగి, రిఫరీని వెంటబెట్టుకుని త్రాసు సారు దగ్గరకొచ్చాడు.

"సారూ, ఆ కొబ్బరిచెట్టుకి పదమూడు దాటలేదా?"

"లేదండీ. స్కూలు కాగితం నేను చూశాను."

"స్కూలు కాగితమా!" మందుల షాపాయన చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. "నా పుట్టినరోజు మా హెడ్మాస్టరు గారు పెట్టారు. మీవెవరు పెట్టారు?"

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో సగం మందికి రెండేసి పుట్టినరోజులున్నాయి, ఒకటి ఇంట్లో, ఒకటి బళ్ళో. త్రాసు సారు మాత్రం నవ్వలేదు. ఆయన తండ్రి కూడా బళ్ళో వేసేటప్పుడు ఒక ఏడు తగ్గించి రాయించాడు. ఆ ఏడు ఆయనకు పంటికింద రాయి. ఉద్యోగంలో ఒక ఏడాది అన్యాయంగా తింటున్నానని ఇప్పటికీ బాధపడతాడు.

"ఊరందరి త్రాసులూ తిరగేస్తావు. నీ త్రాసుకి పాసంగం ఎంతుందో చూసుకున్నావా సారూ?" అన్నాడు మందుల షాపాయన.

పాసంగమంటే త్రాసు పళ్ళేల మధ్య తేడా. బజారులో కొట్టువాళ్ళను త్రాసు సారు అడిగే మొదటి ప్రశ్న అదే. ఆయన చెవులు ఎర్రబడడం నీళ్ళత్త చూసింది.

ఇస్త్రీ అమ్మమ్మ గట్టు మీదే ఉంది. ఇళ్ళకు ఇవ్వాల్సిన బట్టల మూట పక్కన పెట్టుకుని, మనవరాలు దూకినప్పుడల్లా తానూ లేచి కూర్చుంటోంది. త్రాసు సారు నేరుగా ఆమె దగ్గరకు నడిచాడు.

"అమ్మా, మీ పిల్లకి ఎన్నేళ్ళు?"

సారంతటివాడు వచ్చి పలకరించాడని ముసలావిడ ముఖం విప్పారింది. "పదమూడొచ్చాయి బాబూ" అంది. చేత్తో గాల్లో ఎత్తు చూపించింది. "ఏపుగా ఎదిగింది, దాని తాత పోలిక."

త్రాసు సారు ఇంకేమీ అడగలేదు. వెనక్కి తిరిగి విజిల్ ఊదాడు. గోలు దగ్గర నీళ్ళు తాగుతున్న నిచ్చెనను వేలితో పిలిచాడు.

"గ్లవ్స్ తియ్యి."

"ఎందుకు సార్?"

"నీకెన్నేళ్ళు?"

"పన్నెండు సార్."

"మీ అమ్మమ్మ పదమూడంటోంది. ఆవిడ అబద్ధం చెబుతోందా?"

నిచ్చెన గట్టు వైపు చూసింది. అమ్మమ్మ అక్కణ్ణుంచి చెయ్యి ఊపుతోంది. ఔనంటే అమ్మమ్మ అబద్ధాలకోరు, కాదంటే తాను. పన్నెండేళ్ళ పిల్లకు ఆ ప్రశ్నలో మూడో దారి దొరకలేదు. కుడిచేతి పట్టీని పళ్ళతో లాగింది. ఒక చెయ్యి బయటికొచ్చాక దానితో రెండోది తీసింది. రెండింటినీ ఒకదాన్లో ఒకటి దోపి, సారు చేతిలో పెట్టింది.

"అబద్ధమాడి గెలిచే గెలుపు మాకొద్దు" అన్నాడు త్రాసు సారు, అందరికీ వినపడేలా. "ఈ ఆట మీదే."

మందుల షాపాయన సారు రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. "గొప్పవాడివి సారూ, గొప్పవాడివి!" గట్టు మీద చప్పట్లు కొట్టారు. ఏం జరిగిందో తెలియని ఇస్త్రీ అమ్మమ్మ కూడా కొట్టింది.

త్రాసు సారు గ్లవ్స్ తెచ్చి బుడ్డోడి ఒళ్ళో వేశాడు. "ఆదివారం నువ్వే" అన్నాడు. ఆ మాటకు నీళ్ళత్త కడుపు ఒక్క క్షణం చల్లబడింది. హాస్టలాయన ముందు తన కొడుకు. ఆ చల్లదనం తనదేనా అని ఉలిక్కిపడి, ఎవరైనా చూశారేమోనన్నట్టు వంగి, మాసిన బనియన్లు లెక్క కూడా చూసుకోకుండా సంచిలో కుక్కింది.

*

మర్నాటికి పిల్లలు నిచ్చెనకు కొత్త పేరు పెట్టేశారు. ముసలమ్మ.

నీళ్ళత్త సబ్బులకని బయల్దేరింది. వీధి మలుపులో నలుగురు పిల్లలు వరసగా నడుంవంచి, లేని కర్ర పట్టుకుని, ఖళ్ళుఖళ్ళుమని దగ్గుతూ నడుస్తున్నారు. వాళ్ళ ముందు నిచ్చెన బట్టల మూట నెత్తిన పెట్టుకుని వెళుతోంది. వెనక్కి చూడడం లేదు. నడకలో ఏదో తేడా ఉంది. నీళ్ళత్తకు అదేమిటో కాసేపటికి గానీ తెలియలేదు. ఆ పిల్ల మోకాళ్ళు వంచి నడుస్తోంది. అలా నడిస్తే నాలుగంగుళాలు తగ్గుతుంది మరి.

"ఒరేయ్! ఎవర్రా అది?"

పిల్లలు నిటారుగా అయిపోయారు. ఒకడు ధైర్యం చేశాడు. "సారే చెప్పారు కదత్తా, అబద్ధమాడేవాళ్ళతో ఆడకూడదని. మేం ఆడట్లేదు. ఊరికే నడుస్తున్నాం."

వాళ్ళ వెనక అరుగు మీద బుడ్డోడు కూర్చుని ఉన్నాడు. దగ్గలేదు గానీ నవ్వుతున్నాడు. తల్లిని చూసి నవ్వు మింగాడు. నీళ్ళత్త వాడి చెయ్యి పట్టుకుని ఇంటిదాకా మాట్లాడకుండా నడిపించింది. గుమ్మంలో వదిలాక వాడే అన్నాడు, "నేనేమీ అనలేదమ్మా."

"అదే చూశాన్రా" అంది.

సాయంత్రం ఆమె బుడ్డోడికి బంతులు విసిరింది. నడుమెత్తు, తలెత్తు, నేలబారు. వాడు కళ్ళు మూసుకుంటూనే ఉన్నాడు. రెండు పట్టాడు, అవి వాడి పొట్టకు తగిలినవి. అవతల త్రాసు సారు పిల్లల్ని అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి నిజం గురించి చెబుతున్నాడు. ఆయన గొంతులో బుధవారం నుంచి ఒక కొత్త నునుపు వచ్చింది. బజారులో కనిపించినవాళ్ళు ఆగి నమస్కారాలు పెడుతున్నారు. మందుల షాపులో ఆయన నిజాయితీ గురించే మాట్లాడుకుంటున్నారట. ఆయన అది ఇంట్లో చెప్పుకోలేదు. చెప్పుకునే అలవాటు ఆయనకు లేదు. ఉప్పు గురించి మాత్రం రెండు రోజులుగా ఏమీ అనలేదు.

*

శనివారం నీళ్ళత్త భర్త చొక్కాలు నాలుగు సంచిలో వేసుకుని ఇస్త్రీ బండికి వెళ్ళింది. ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉంది. చొక్కాలు అప్పటికే మడతలు పెట్టి ఉన్నాయి. దారిలో సంచిలో చెయ్యి పెట్టి కాస్త నలిపింది.

బండి మందుల షాపుకు ఎదురుగా, గోడ నీడన ఉంటుంది. ఇస్త్రీ అమ్మమ్మ బొగ్గుల పెట్టెను ఒక పంట్లాం మీద తోస్తోంది. పక్కన నిచ్చెన చెంబులో నీళ్ళు ముంచి బట్టల మీద చిలకరిస్తోంది. నీళ్ళత్తను చూసి చిలకరించడం ఆపలేదు, తల కూడా ఎత్తలేదు.

"పెట్టి వెళ్ళండి" అంది ముసలావిడ. చొక్కా ఒకటి తీసి చూసి, "ఇవి కొత్తగా నలిగినట్టున్నాయే" అంది.

నీళ్ళత్త ఖాళీ సంచి మడతపెట్టింది. వెళ్ళనూ లేదు.

ముసలావిడ పెట్టెను నిలబెట్టింది. "ఒక మాట అడుగుతానమ్మా. మా పిల్ల ఏం దొంగిలించింది?"

"అయ్యో, దొంగతనమేమిటి?"

"మరి? ఆ రోజు ఆట మధ్యలోనే వచ్చేసింది. కాలు బెణికిందంది. కాలు బాగానే ఉంది. పిల్లలు వెంటపడి దగ్గుతుంటే ఎందుకే అంటే, జలుబంట. ఊళ్ళో పిల్లలందరికీ నా మనవరాలి వెనకే పట్టే జలుబు ఏం జలుబమ్మా?"

"అత్తా, వద్దు" అంది నిచ్చెన. చెంబులోకి చూస్తూ అంది.

నీళ్ళత్తకు అప్పుడు అర్థమైంది. పిల్ల ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మమ్మ మాటే తనని బయటికి నెట్టిందని చెప్పాల్సి వస్తుంది.

"వయసెక్కువైందని తీసేశారు" అంది నీళ్ళత్త. దాచడానికి ఇంకేం మిగల్లేదు. "పదమూడు నిండితే ఆడకూడదు. మీరే చెప్పారు కదా, పదమూడని."

"చెప్పాను. పదమూడొచ్చాయి. అయితే?"

"అదే మరి..."

"ఏదే మరి?" ముసలావిడ చిరాగ్గా పెట్టె ఎత్తింది, మళ్ళీ దించింది. "నీకెన్నేళ్ళమ్మా?"

"నలభై."

"నడుస్తున్నాయా, నిండాయా?"

పంట్లాం మీద నీటిచుక్క ఒకటి పెట్టె అంచు తగిలి చుయ్యిమంది. నీళ్ళత్త వాళ్ళమ్మ కూడా అలాగే లెక్క చెప్పేది. పన్నెండు వెళ్ళి పదమూడొచ్చాయి. అంటే పన్నెండు నిండి పదమూడో ఏడు నడుస్తోందని. వెళ్ళినది చెప్పకుండా వచ్చినదొక్కటే చెబితే, వినేవాడు రెండోది అడగాలి. పూర్వం ఎవరికీ చెప్పక్కర్లేకుండానే అడిగేవాళ్ళు. త్రాసు సారు ఒక పళ్ళెం చూసి తూకం చెప్పేశాడు.

"పిల్లకి నిండినవి పన్నెండా?"

"మరి? పదమూడు నిండితే పద్నాలుగొచ్చాయని చెప్పనూ?" అంది ముసలావిడ. అని, ఆ మాట తన చెవిలోనే పడ్డట్టు ఆగిపోయింది. మెల్లగా మనవరాలి వైపు తిరిగింది. "ఏమే? నా మాట వల్లనా?"

"కాదమ్మమ్మా" అంది నిచ్చెన. "నా పొడుగు వల్ల."

*

రాత్రి భోజనాల దగ్గర నీళ్ళత్త చెప్పింది. అలంకారాలేమీ లేకుండా, ముసలావిడ అడిగినట్టే అడిగింది. "మీకు నడుస్తున్నవెన్ని, నిండినవెన్ని?"

త్రాసు సారు చెయ్యి కంచంలో ఆగింది. ఆయన తెలివితక్కువవాడు కాదు. మొదటి మాటకే అంతా తెలిసిపోయిందని ఆ వేళ్ళే చెప్పాయి.

"ఆవిడ స్పష్టంగా చెప్పాల్సింది" అన్నాడు చివరికి.

"మీరు స్పష్టంగా అడగాల్సింది."

"అందరిముందూ తీసేశాను. ఇప్పుడు మళ్ళీ నిలబెడితే ఏమంటారు? హాస్టలు వాళ్ళొస్తున్నారని సారు మాట మార్చాడంటారు. ఆ మందుల షాపు వాడు..."

"అననివ్వండి."

"నీకు తెలీదు. ఒకసారి ముద్ర కొట్టాక..."

"తప్పు ముద్ర కొడితే?"

"ఇంతవరకూ కొట్టలేదు" అన్నాడాయన. అది నిజమే. అందులోనే వచ్చింది చిక్కంతా.

"వచ్చే ఏడు ఆ పిల్లకి నిజంగానే నిండుతాయండీ" అంది నీళ్ళత్త. "హాస్టలు వాళ్ళు మళ్ళీ తీసుకోరు. ఉన్నది రేపొక్కటే."

"తెలుసు."

"గోలులో మనవాడు నిలబడతాడు. అది కూడా జనం అంటారు."

త్రాసు సారు తలెత్తి ఆమెను చూశాడు. ఆ సంగతి ఆయనకు ఇంతవరకూ తట్టలేదని ఆ చూపే చెప్పింది. తట్టనివాడి మీద ఆమెకు కోపం వచ్చింది. తనకు తట్టింది, బుధవారమే. ఆయన కంచం పక్కకు జరిపి, "ఆలోచిస్తాను" అని లేచాడు. ఆలోచన అంటే ఏమిటో ఆమెకు తెలుసు. పొద్దున్నదాకా కప్పు చూస్తూ పడుకోవడం.

*

ఆదివారం హాస్టలాయన ఎండ పడకముందే వచ్చాడు. పాత టోపీ, ఒక కాలు కొంచెం ఈడుస్తాడు. పిల్లల్ని పరిగెత్తించాడు, బంతి అటూ ఇటూ తన్నించాడు, నోట్లో పుల్ల నములుతూ చూశాడు. బుడ్డోడి గోలు వైపు రెండు బంతులు తన్నించి, మూడోది వద్దని చెయ్యి ఊపాడు.

"సారూ, మీ గోలీ ఏదీ? పొడుగుపిల్ల ఉందని విని, ఆ పిల్ల కోసమే ఇంతదూరం వచ్చాను."

నీళ్ళత్త నీళ్ళ డబ్బా మోస్తూ అక్కడే ఉంది. భర్త నోటి వైపు చూసింది.

"ఆ పిల్ల మానేసిందండీ" అన్నాడు త్రాసు సారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ నోట అబద్ధం వినడం ఆమెకు ఇదే మొదలు. పెద్దదేమీ కాదు, రవ్వంత. గోడ దగ్గర పక్కింటావిడకు చెప్పుకోవడానికి ఎట్టకేలకు ఒక కష్టం దొరికింది. అది చేతికొచ్చాక, పురుగును పట్టుకున్నట్టనిపించింది. డబ్బా కింద పెట్టింది.

"మానలేదండీ. మాన్పించారు" అంది. "పన్నెండే ఆ పిల్లకి. పొరపాటున తీసేశారు."

పిల్లలంతా సారు వైపు తిరిగారు. సారు మెడలో విజిల్ తాడు సవరించుకున్నాడు. ఔననలేదు, కాదనలేదు.

హాస్టలాయన ఇద్దరినీ చూసి పుల్ల ఉమ్మేశాడు. మొగుడూ పెళ్ళాల గొడవలో తలదూర్చే రకం కాదు. "పిలిపించండి. ఒక్క పది బంతులు చూస్తాను. ఇంకో ఊరు పోవాలి, పేర్లు ఇవాళే ఇచ్చెయ్యాలి."

ఎవరూ చెప్పకముందే బుడ్డోడు చేతుల గ్లవ్స్ ఊడదీసి, వాటిని చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. వాడు అంత వేగంగా పరిగెత్తగలడని వాళ్ళ నాన్నకు కూడా తెలియదు. మైదానంలో ఎవరూ బంతి ముట్టుకోలేదు. మిల్లు గోడ మీద నుంచి ఎండ మెల్లగా దిగింది.

వాడు ఒక్కడే తిరిగొచ్చాడు. గ్లవ్స్ చంకలోనే ఉన్నాయి.

"రానంది."

"సరిగ్గా చెప్పావురా?" అంది నీళ్ళత్త.

"అన్నీ చెప్పాను. నా తప్పు కూడా చెప్పాను, నవ్వానని." వాడు తండ్రి వైపు చూడకుండా నేలకు చెప్పాడు. "'నాకు వయసెక్కువట. ఆ మాట అన్న సారే వచ్చి కాదనలేదుగా' అంది. బట్టలు మడతపెడుతోంది."

మైదానం నుంచి ఇస్త్రీ బండి ఎంతో దూరం కాదు. త్రాసు సారు కాలు ఒకటి ముందుకు పడింది. మందుల షాపు కూడా ఆ వీధిలోనే ఉంది. ఆదివారం పొద్దున్న అక్కడ జనం ఉంటారు. ఆ కాలు అక్కడే ఆగి, మట్టిలో ఒక గీత గీసి, వెనక్కి వచ్చింది.

హాస్టలాయన ముందువరసలో ఆడే ఇద్దరు మగపిల్లల పేర్లు అడిగి తీసుకున్నాడు. టోపీ సర్దుకుంటూ, "గోలీలు చెట్లకు కాయరు సారూ" అన్నాడు. కాలు ఈడ్చుకుంటూ గేటు దాటాడు. బస్సు హారన్ వినిపించింది.

*

ఆ రోజు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. నీళ్ళత్త బనియన్లు ఉతికింది. ఒక్కోదాన్నీ రాయి మీద అవసరమైనదానికన్నా గట్టిగా బాదింది. త్రాసు సారు మధ్యాహ్నం అన్నం తిన్నాడు. కూర గురించి ఏమీ అనలేదు. అందులో ఆమె ఉప్పు వెయ్యడమే మరిచిపోయింది.

ఎండ వాలుతుండగా ఆయన చెప్పులు వేసుకున్నాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. కొంచెం వెనకగా తానూ బయల్దేరింది. నాలుగు చొక్కాలు తెచ్చుకోవాలి కదా.

ఇస్త్రీ బండి దగ్గర ముసలావిడ పెట్టెలో బొగ్గులు కదుపుతోంది. నిచ్చెన మడతల కట్ట మీద కాలర్లు సరిచేస్తోంది. ఎదురుగా మందుల షాపు మెట్ల మీద ఇద్దరు ముగ్గురున్నారు. షాపాయన అక్కణ్ణుంచే చెయ్యెత్తి సారుకు నమస్కారం పెట్టాడు. సారు ప్రతినమస్కారం పెట్టలేదు.

"పొరపాటు జరిగిందమ్మా" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఎక్కడ బాబూ?" అంది ముసలావిడ, బొగ్గుల్లోకి చూస్తూ.

"అదే... ఆటలో. మా వైపు నుంచి కొంచెం తొందరపాటు..."

"మా వైపంటే? ఎంతమంది బాబూ మీరు?"

ఆయన మెడ మీద చెమట కారి కాలరులోకి దిగడం వెనకనుంచి నీళ్ళత్తకు కనిపిస్తోంది.

"ఒక్కణ్ణే" అన్నాడు. తరవాతి మాట ఏదో పెదవుల దగ్గర కదిలింది గానీ, ఆ పక్కనే వెళుతున్న సైకిలు చప్పుడులో కలిసిపోయింది.

ముసలావిడ పెట్టె మూత వేసింది. పెద్దమనిషి అంతదాకా వచ్చాడు, చాలనుకుందో ఏమో, తల ఊపింది. చొక్కాల కట్ట తీసి ఇవ్వబోయింది.

"నాకు వినపడలేదు సార్."

నిచ్చెన అంది. కాలరు మీద చెయ్యి అలాగే ఉంది. బండి వెనకనుంచి ఇవతలికి వచ్చి, మోకాళ్ళు వంచకుండా నిలబడింది. సారు కన్నా ఇంకా చాలా చిన్నది. దగ్గరగా చూస్తే ముఖం పాలుగారుతున్న పసిపిల్ల ముఖం. కళ్ళు మాత్రం ఆయన పెదవుల మీద లేవు. పెనాల్టీ ముందు ఎదుటివాడి కాలును చూసినట్టు, ఆయన ఎటు కదులుతాడా అని చూస్తున్నాయి.

మందుల షాపు మెట్ల మీద మాటలు ఆగాయి.

త్రాసు సారు ఒకసారి అటు చూశాడు. తరవాత పిల్ల వైపు తిరిగి, మైదానం అవతలి కొసన ఉన్నవాళ్ళను కేకేసేటప్పుడు పీల్చినట్టు ఊపిరి పీల్చాడు.

"నీకు పన్నెండే. నువ్వు చెప్పింది నిజం" అన్నాడు, వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా. "నేను వినలేదు. తెలిశాక కూడా చెప్పలేదు. తప్పు చేశాను."